మొదటి కూతకు ఎవరు

శుక్రవారం రాత్రి, చింతామణి

మోకాలు వాచినా మళ్లీ కూతకు పొమ్మని నిరుడు అరిచినవాళ్లే ఈరోజు నా తమ్ముణ్ణి పనికిరాడన్నారు. వాడి ముందరే అన్నారు.

ఆదివారం బాగేపల్లిలో కాలేజీ కబడ్డీ పోటీ. మొదటి కూతకు మా తమ్ముడు మంజు పోవాలా, కొత్తగా వచ్చిన సీన పోవాలా అని టీ అంగడిలో వాదన. నేను మండీలో టమాటా బాక్సులు దించి అప్పుడే వచ్చి కూర్చున్నాను.

"మంజు కాలు అయిపోయినాదిలేప్పా. సీన చిరుత మాదిరి ఉండాడు," అన్నాడు అంగడి రమణప్ప.

"మంజు పోయి తిరిగొచ్చేలోపల ఇంకో టీ తాగొచ్చు," అన్నాడు పక్కనున్నవాడు. అందరూ నవ్వారు.

నేను గ్లాసు విసరబోయాను. మంజు నా చెయ్యి పట్టుకున్నాడు. "నిజమే కదన్నా. నేనూ సీననే అంటాండాను," అని సీనకు ఓటుగా తనే చెయ్యెత్తాడు. నవ్వుతూనే ఎత్తాడు.

ఇంటికొచ్చి అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆట బనీను మాత్రం ఉతికి, మడిచి, సీనకు ఇవ్వడానికి సంచిలో పెట్టాడు. నాకు ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది.

ఒరే మంజూ, నువ్వు చెయ్యెత్తింది మోకాలు నొస్తోందనా, వాళ్లు నవ్వారనా? రేపు పొద్దున నేను మండీకి పోయేలోపల చెప్పు. అందాకా ఆ సంచి గడప దాటకూడదు.