జెండా పట్టిన చెయ్యి

ఆగస్టు 12, మంగళవారం

ఈరోజు ఝపటాపూర్ కోచింగ్‌లో టీ సెల్స్ పాఠం. పుస్తకంలో బొమ్మ పిల్లల తలకెక్కలేదు. చివరికి రైలు భాషలో చెప్పాను. టీ సెల్ ఇంజిన్ అనుకోండి. దాని ఒంటి మీది రిసెప్టర్ పరాయి ముక్కని పట్టుకుంటే స్టార్టర్ సిగ్నల్ పచ్చ పడినట్టు. అయినా బండి కదలదు, వెనక గార్డు పచ్చజెండా ఊపాలి. అది రెండో సిగ్నల్, సీడీ28 అనే ఇంకో రిసెప్టర్ అందుకునేది. మొదటిది వచ్చి రెండోది రాకపోతే సెల్ మొద్దుబారి పడుంటుంది. ఖరగ్‌పూర్ పిల్లలు కదా, చటుక్కున అందుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే నాన్న పొంగిపోయారు. ముప్పై నాలుగేళ్ళు గూడ్స్ గార్డుగా చేశారు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారంటే ఆయనకి మంట. ఆయన ఒంట్లో అమ్మ కిడ్నీ పెట్టి పదహారు నెలలైంది. దాని మీదికి టీ సెల్స్ పోకుండా మూడు రకాల మాత్రలు. ఏ మాత్ర ఏ సిగ్నల్‌ని ఆపుతుందని అడిగారు. టాక్రోలిమస్ మాత్ర, అదే టాక్రో, మొదటిదాన్ని అన్నాను. మరి మిగతావి? అవి వేరే చోట్ల ఆపుతాయిలే అని అన్నానికి లేచిపోయాను.

ఆగస్టు 19

టాక్రో వేసుకుంటే చెయ్యి వణుకుతుందని డాక్టర్ ముందే చెప్పారు. ఈరోజు టీ కొట్టు దగ్గర ఎవరో, ఏం దాదా, పొద్దున్నే మందు మొదలెట్టావా అని నవ్వాడట. నాన్న కప్పు అక్కడే వదిలేసి వచ్చేశారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి.

ఆయన బెంగ వేరే. 31న సూసన్న గారు రిటైర్ అవుతున్నారు, నాన్న దగ్గర పని నేర్చుకున్నాయన. నిమ్‌పురా యార్డులో వీళ్ళ బ్యాచ్‌కి ఒక అలవాటు. ఆఖరి ట్రిప్పు కదిలేటప్పుడు పని నేర్పినవాడు లైను పక్కన నిలబడి పచ్చజెండా చూపించాలి. రూల్ కాదు, మర్యాద. వణికే చేత్తో ఎలాగమ్మా అని రెండుసార్లు అడిగారు. ఏం కాదులే అన్నాను.

ఆగస్టు 31, ఆదివారం

వాన. అయినా నాన్న గొడుగు కిందికి రాలేదు. సూసన్న గారున్న చివరి బ్రేక్‌వ్యాన్ మమ్మల్ని దాటేదాకా జెండా నిటారుగా పట్టుకుని నిలబడ్డారు. చెయ్యి కొంచెం కూడా వణకలేదు. సూసన్న గారు ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. ఒళ్ళు మందుకి అలవాటు పడిందన్నమాట.

సెప్టెంబర్ 4

జ్వరం. పాదాలు వాచాయి. పొద్దుటి నుంచి మూత్రం సరిగా లేదు.

సెప్టెంబర్ 5, మధ్యాహ్నం 1

క్రియాటినిన్ 3.8. పోయిన నెల 1.2. అది పెరిగిందంటే కిడ్నీ దెబ్బతింటున్నట్టే.

సెప్టెంబర్ 6, కలకత్తా

అడ్మిట్ చేశారు. రక్తంలో టాక్రో దాదాపు లేదట. డాక్టర్ నావైపు చూశాడు. మాత్రలు డబ్బాలో సర్దేది నేనే. మీ ల్యాబ్ తప్పు అని గట్టిగా అరిచాను. అప్పుడు నాన్న కళ్ళు మూసుకునే అన్నారు.

“ఆల్లనేటీ అనకమ్మా. నానే మానేసినాను.”

పదిహేను రోజులుగా మానేసింది ఆ ఒక్క మాత్రే. మిగతా రెండూ వేళ తప్పకుండా వేసుకున్నారట. చెయ్యి కుదురుగా ఉంది కదా, 31 దాటాక కూడా మళ్ళీ మొదలెట్టబుద్ధి కాలేదట.

“రెండు సిగ్నల్సూ పడితేనే గదా కదుల్తాదన్నావు. ఒకటి పడిపోయినా, రెండోది మిగతా మాత్తర్లు ఆపుతాయనుకున్నాను. ఒక్క ఎర్రసిగ్నలుంటే సాలు గదా, బండాగిపోడానికి.”

గార్డు తప్ప ఇంకెవరూ అలా ఆలోచించరు. ఆ ఆలోచన ఆయనకి పెట్టింది నేను.

ఆ రోజు అన్నానికి లేవకుండా ఇంకో పది నిమిషాలు కూర్చుని ఉంటే చెప్పేదాన్ని. వీటిలో ఏ మాత్రా ఎర్రసిగ్నల్ కాదు నాన్నా, మెల్లగా పొమ్మనే కాషన్ ఆర్డర్లంతే. మూడూ కలిస్తేనే బండి నెమ్మదిస్తుంది. పైగా ఆ రెండో సిగ్నల్ని, గార్డు జెండాని, ఆపే మాత్ర మీ డబ్బాలో అసలు లేదు. జ్వరం వస్తే ఆ జెండాలు ఎక్కడపడితే అక్కడ లేస్తాయి. ఇదంతా నాకు తెలుసు. పరీక్షల్లో మార్కులు తెచ్చుకున్నాను. నా చదువు తగలెయ్య.

సెప్టెంబర్ 7, ఖరగ్‌పూర్

బట్టల కోసం వచ్చాను. నాన్న డ్యూటీకి తీసుకెళ్ళే పాత లైన్ బాక్స్ తెరిచాను. పచ్చజెండా మడతలో మాత్రలు. లెక్కపెట్టలేదు. జెండా మొహానికి అదుముకుని నేల మీద కూర్చుండిపోయాను.

సెప్టెంబర్ 9

బయాప్సీ రిపోర్టు. కిడ్నీ నిండా టీ సెల్స్. ఈరోజు నుంచి మూడు రోజులు పెద్ద డోసు స్టెరాయిడ్, టాక్రో కూడా మళ్ళీ మొదలెట్టారు.

అమ్మ నిన్నటి నుంచి ఏమీ తినడం లేదు. తన కిడ్నీయే మంచిది కాదేమోనని అమ్మ బాధ. నీ కిడ్నీలో లోపం లేదమ్మా, నాన్న సెల్స్ దాన్ని పరాయిదని పట్టుకున్నాయి అని చెప్పాను. ఓదారుద్దామనే చెప్పాను. అమ్మ కారిడార్ గోడవైపు తిరిగి అంది.

“నలబై ఏళ్ళు కాపరం సేసినా పరాయిదాన్నేనా, రాణీ?”

ఇక ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పను.

సెప్టెంబర్ 11

మూడో డోసు అయింది. క్రియాటినిన్ 4.4.

సెప్టెంబర్ 12

4.5. రేపు కూడా తగ్గకపోతే టీ సెల్స్‌ని మూకుమ్మడిగా చంపే మందు ఎక్కిస్తారట. దానికీ లొంగకపోతే కిడ్నీ పోయినట్టే. మళ్ళీ డయాలిసిస్, వారానికి మూడుసార్లు. అప్పట్లో నాన్న వద్దు, నన్ను వదిలెయ్యండి అన్న రోజులు నాకు గుర్తున్నాయి. ఈసారి ఇవ్వడానికి అమ్మ దగ్గర ఇంకోటి లేదు. నాది సరిపోదని ముందే తేల్చేశారు.

కోచింగ్ నుంచి ఫోన్. పిల్లలు తర్వాతి పాఠం అడుగుతున్నారట. కట్ చేశాను.

సెప్టెంబర్ 13

4.4. డాక్టర్ ఇంకో రోజు చూద్దామన్నాడు. నాన్న నాతో మాట్లాడటం లేదు. నాకు కోపం వచ్చిందనుకుంటున్నారు. మీ మీద కాదు నాన్నా. ఎలా చెప్పను.

సెప్టెంబర్ 15, ఉదయం 9:20

3.3.

నాన్న మంచినీళ్ళ గ్లాసు ఎత్తారు. సగం నీళ్ళు దుప్పటి మీద ఒలికాయి. సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకోబోతే అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. వణుకుతోంది. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం.