తాళం వేసిన మైక్రోస్కోపు

వదినా,

విదేశయాత్ర జాబితాలో నా పేరెందుకు కొట్టేశారని అడిగావు.

అక్కడి విశ్వవిద్యాలయంతో మా కాలేజీకి పొత్తు కుదిరి, మా చదువులను ఆధునికం చేయమని గ్రాంటు కింద పెద్ద మైక్రోస్కోపు వచ్చింది. ఆధునికత అరిగిపోతుందని కాబోలు, ప్రిన్సిపాల్‌గారు దాన్ని రెండేళ్లు తాళం వేసి కాపాడారు. మొన్న అక్కడి ప్రొఫెసరమ్మ తనిఖీకి వచ్చి, నా విద్యార్థినిని అడిగింది.

"దీంతో ఏం చేశారమ్మా?"

"ఇవాళ పొద్దున తుడిచామండీ."

ప్రిన్సిపాల్‌గారు నన్ను పక్కకు లాగారు. "పిల్లకి ప్రశ్న అర్థం కాలేదని మన కాలేజీ తరఫు తనిఖీ రిపోర్టులో రాసెయ్యండి మేడం."

నేను ఆ జవాబునే ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. సాయంత్రానికి నా పేరు ఎగిరిపోయింది. బదులుగా ఆయన బావమరిది వెళ్తున్నాడు, లైబ్రరీ గడప తొక్కిన పాపాన పోని మహానుభావుడు!

ప్రొఫెసరమ్మ పట్టుబట్టి తాళంచెవి మాకిప్పించింది. సూట్‌కేసు కొనొద్దని అన్నయ్యకు చెప్పు. పిల్లలు ల్యాబులో ఎదురుచూస్తున్నారు, వెళ్తాను.

నీ ఆడపడుచు