గడ్డకట్టిన చెరువు మీద టీవీ, సావుకారింట్లో మన బల్ల

మా లక్ష్మక్కకు,

తమ్ముడు శీనా నమస్కారాలు. నువ్వు, బావ, పాప ఎట్లా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? నాయన వేళకు తింటున్నాడా? ఇక్కడ నేను బాగున్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, పనికి పోతున్నాను. నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరం ఎందుకని తిట్టుకుంటావని తెలుసు. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. నువ్వు వంటింట్లో మాట్లాడితే ధర్మవరంలో మన వీధి మొత్తం వింటుంది. ఈ సంగతి ముందు నువ్వొక్కదానివే చదవాలి. ఇంకో కారణం కూడా ఉంది. కవర్లో ఒక ఫోటో పెట్టాను. నాయన ఫోన్ వైపు చూడడు కదా, స్క్రీన్ అనేది కనిపిస్తే చాలు మొహం తిప్పుకుంటాడు. అందుకే ఇక్కడి టౌనుకు పోయి కాగితం మీద పెద్దగా వేయించాను. ఫోటో ఇప్పుడే తీయొద్దు. ముందు చదువు.

కెనడా చలి గురించి నీకు ఎంత చెప్పినా నమ్మవు. ముక్కులో ఊపిరి కూడా గడ్డకట్టినట్టు ఉంటుంది. తడి తువ్వాలు బయట ఆరేస్తే రేకులా అయిపోతుంది, గోడకు ఆనించి నిలబెట్టొచ్చు. నేను బాగానే ఉన్నాను, రెండు స్వెట్టర్లు వేసుకుంటాను. తిండి వాళ్లది చప్పగా ఉంటుంది. చెనక్కాయలు దొరుకుతాయి, ఎండుమిరపకాయలు దొరుకుతాయి, నేనే ఊరిబిండి నూరుకుని బ్రెడ్డు మీద పూసుకుంటున్నాను. సంగటి మీదికి మనసు పోయినప్పుడు మాత్రం కష్టంగా ఉంటుంది. మాట్లాడేదానికి తెలుగు మనిషి లేడు. ఒక్కోసారి నాతో నేనే మాట్లాడుకుంటాను. అయినా బాగున్నాను.

పని సంగతి చెప్తాను. ఇక్కడ మన ధర్మవరం చెరువు లాంటివి ఎన్ని పోసినా నిండనంత పెద్ద చెరువు ఉంది. చలికాలంలో అది గడ్డకడుతుంది. దాని మీద కార్లు పోతాయి. మా ఓనరు గ్లెన్ అని ముసలాయన, ఆ గడ్డ మీద చెక్క గదులు పెట్టి బాడుగకు ఇస్తాడు. గది నేలలో ఒక బొక్క ఉంటుంది, దాని కిందే మంచులో కూడా బొక్క తొలుస్తాం. జనం దాని చుట్టూ కూర్చుని నీళ్లలోకి గాలం వేసి చేపలు పడతారు. లోపల గ్యాసు పొయ్యి వెచ్చగా ఉంటుంది. మొదటిసారి ఆ గదిలోకి పోయినప్పుడు నాకు ఏం గుర్తొచ్చిందో తెలుసా? మన మగ్గం గుంత. నాయన కాళ్లు గుంతలోకి వదిలి నేల మట్టానికి కూర్చుంటాడే, వాళ్లు కూడా అట్లాగే వంగి కూర్చుంటారు.

చేప పడేదాకా వాళ్లకు పొద్దుపోదు. ఈ ఏడు గ్లెన్ గదుల్లో టీవీలు పెట్టించాలనుకున్నాడు. నేను హిందూపురంలో డిష్షుల అంగట్లో పనిచేశానని ఒకసారి చెప్పి ఉన్నాను. దాంతో ఆ పని నా నెత్తికి వచ్చింది. అంగడికి పోతే గ్లెన్ గోడంత టీవీ ముందు నిలబడ్డాడు. వద్దన్నాను. చెరువు మీద కరెంటు తీగ లేదు, ఉండేది బ్యాటరీ. పెద్ద టీవీ అయితే మధ్యలో ఇన్వర్టర్ పెట్టాలి, అది ఉత్తగానే సగం తాగేస్తుంది. జనరేటర్ పెడితే ఆ మోతకు చేపలు రావని జనం గొడవ చేస్తారు. అందుకే లారీల్లో, బండి ఇళ్లల్లో పెట్టుకునే చిన్న టీవీ తీసుకున్నాం. దాని వైరు నేరుగా బ్యాటరీకే తగిలించొచ్చు. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది కాబట్టి దాన్ని మంచు మీద పెట్టకుండా చెక్క పెట్టెలో, గడ్డి దిండు మీద కూర్చోబెట్టాను. చలిలో ఉండిన టీవీని లోపలికి తెచ్చిన వెంటనే వేయకూడదు, చెమ్మ పడుతుంది. గది వెచ్చబడి, టీవీ ఆరిన తర్వాతే వేయాలి.

చెరువు మీద ఫోన్ టవరు అందదు, అందుకే డిష్షు పెట్టాం. స్టాండు కాళ్ల మీద చెంబుతో నీళ్లు పోస్తే చాలు, అవి గడ్డకట్టి సిమెంటు వేసినట్టు పట్టుకుంటాయి. ఇంకో వింత ఏమిటంటే, మన దగ్గర డిష్షు ఆకాశం వైపు మొహమెత్తి ఉంటుంది. ఇక్కడ ఉపగ్రహం ఆకాశం అంచున ఉంటుంది కాబట్టి నేల చూపులు చూస్తుంది. అట్లా తిప్పితేనే బొమ్మ వస్తుంది.

అన్నీ కుదిరాక టీవీ ఎక్కడ పెట్టాలనేది వచ్చింది. వీళ్లు గోడ మీద తల ఎత్తి చూసేలా తగిలిస్తారు. నా చేతులు మాత్రం వాటంతటవే ఒక పొట్టి బల్ల కొట్టి, బొక్క పక్కన నేల మట్టానికి టీవీ పెట్టేశాయి. గ్లెన్ పడీపడీ నవ్వాడు. ‘‘ఇది పిల్లులకా?’’ అన్నాడు. తర్వాత తనే కూర్చుని చూసి నవ్వు ఆపేశాడు. గాలం మీద కన్ను, టీవీ మీద కన్ను, తల కదపాల్సిన పని లేదు. అన్ని గదుల్లో అట్లాగే పెట్టమన్నాడు.

అది ఎవరి బల్ల కొలతో నీకు చెప్పాలా అక్కా? నాయన విరిగిన మగ్గం పలకతో చేసిన బల్ల. గుంతలో కూర్చుంటే కంటికి సూటిగా టీవీ కనపడాలని పొట్టిగా చేశాడు.

ఆ బల్ల మన ఇంట్లో నుంచి పోయిన రోజు నువ్వు పెనుకొండలో పిన్నమ్మ ఇంట్లో ఉన్నావు. జరిగింది విన్నావు, చూడలేదు. చూసింది నేను. నాయనకు పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారు గడప దాటకుండా బయటే నిలబడ్డాడు, వెనక ఇద్దరు మనుషులు. నాయన మగ్గంలో ఉన్నాడు. టీవీలో పాట వస్తోంది.

‘‘ఏమప్పా నారాయణా, టీవీ చూస్తా నేస్తాండావా? అందుకే పల్లూలో పోగులు తప్పినావు. మా ఇంట్లో పెండ్లికని నేయమంటే డ్యామేజీ చీర నేసిస్తావా?’’

‘‘తప్పు యాడుండాది సామీ? ఒక్కసారి చూపించు.’’

‘‘నీకు చూపించాల్నా? కండ్లు టీవీలో, చేతులు మగ్గంలో. ఇంగ నా మగ్గం మీద నీ చెయ్యి పడకూడదు.’’

నేసేటప్పుడు నేతగాడికి జానెడు చీరే కనపడుతుంది, మిగతాదంతా కట్టెకు చుట్టుకుంటుంది. పెండ్లి తొందరని మగ్గం మీద నుంచి కోసిన వెంటనే మడిచి పట్టుకుపోయారు. నాయన దాన్ని విప్పి చూసుకోనే లేదు. ఏమని ఎదురు మాట్లాడతాడు? చీర పాడు చేసినందుకు బదులని టీవీని, బల్లను మన ఇంట్లో నుంచి ఎత్తుకుపోయారు. వీధంతా నిలబడి చూసింది. నాయన గుంతలో నుంచి లేవలేదు. ఆ తర్వాత ఇంకో సావుకారు ఎవరూ నాయనకు పట్టు ఇవ్వలేదు. ఆయన చెయ్యి చెడిందని ఊరు అనుకుంది. అదన్నా ఓర్చుకుంటాను. ‘‘ఆ పొద్దు పాట వస్తాంటే ఒక రవ్వ అటు చూసినాలేరా శీనా, తప్పే పోయింటాది’’ అని నాయనే అన్నాడు చూడు, అది ఓర్చుకోలేను. అంత చెయ్యి ఉన్న మనిషి ఇప్పుడు ఊళ్లో వాళ్ల మగ్గాలకు తెగిన పోగులు అతుకుతున్నాడు. బడి మానేసి నేను హిందూపురం పోయింది, ఎక్కడా నిలవకుండా ఊళ్లు తిరిగింది, ఆ కడుపుమంటతోనే. ఆ ఇంటి మనిషి ఎప్పటికైనా నా చేతికి చిక్కకపోతాడా అనుకునేవాణ్ణి.

చిక్కాడక్కా. సావుకారు కొడుకు కిరణ్.

ఇక్కడి సిటీలో చదువుకుంటున్నాడట. స్నేహితులతో చేపలు పట్టడానికి వచ్చాడు. తండ్రి మొహం దించినట్టుంటాడు, గొంతు కూడా అదే. నాకు కళ్లు తప్ప ఏమీ కనపడకుండా టోపీ, మఫ్లరు ఉన్నాయి. ‘‘మనది ఏ ఊరు బ్రో?’’ అన్నాడు. హిందూపురమని చెప్పాను. ‘‘అరె, మాది ధర్మవరం! పక్కనే కదప్పా’’ అని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసేయకుండా నిలబడ్డాను, అంతే. వచ్చే శనివారం ఇండియా మ్యాచ్ ఉంది, ఈ గదిలోనే చూస్తాం, టీవీ బాగా ఉండేలా చూడన్నాడు. అక్కడ మీకు రాత్రి అయ్యే ఆట ఇక్కడ పొద్దున వస్తుంది. చూస్తానన్నాను.

వారమంతా ఒకటే ఆలోచన. చలికి చంపాలని లేదు, గ్యాసు పొయ్యి జోలికి పోలేదు. మన ఇంట్లో టీవీ ఆర్పినట్టు వాడి టీవీ ఆర్పాలి. సరిగ్గా చివరి ఓవర్లలో ఆర్పాలి. పాతబడిన బ్యాటరీ ఒకటి ఉంది. మీటరు పెడితే నిండుగా ఉన్నట్టు చూపిస్తుంది, ఆట పూర్తి కాకముందే కూలబడుతుంది, ఎంతసేపు వస్తుందో ముందే టీవీ వేసి కొలుచుకున్నాను. దాన్నే పెట్టెలో పెట్టాను. మంచి బ్యాటరీని నా బండిలో దుప్పటి కింద దాచాను. వాళ్ల కారు ఒడ్డునే ఉండిపోయింది, వాళ్లను మంచు బండి మీద తెచ్చింది నేనే. కారు బ్యాటరీతో వేసుకుందామన్నా దారి లేదు వాళ్లకు.

నేను పక్క గదిలో మంచు తవ్వుతూ చెవి ఇటే పెట్టి ఉన్నాను. కేకలు, ఈలలు. చివరికి వచ్చింది ఆట. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంత తీపిగా ఉందో నీకు ఎట్లా చెప్పాలి? మన వీధిలో ఆ రోజు పాట ఆగిపోయినప్పుడు ఉండిందే, అదే నిశ్శబ్దం.

‘‘బ్రో! టీవీ పోయిందప్పా! పన్నెండు బాళ్లే ఉండాయి!’’ అని కిరణ్ తలుపు తీసి అరిచాడు. వాడి స్నేహితులు వేరే గదుల్లో బ్యాటరీ అడగడానికి పరుగెత్తారు. నేను తీరిగ్గా పోయి పెట్టె తెరిచి, వైర్లు తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాను.

వాడు నేల మీద చతికిలపడ్డాడు. ఊరికే ఉండలేక మాట్లాడడం మొదలుపెట్టాడు.

‘‘ఇంత కిందికి టీవీ పెట్టింది నేను ఇంకొక్క చోటే చూసినా బ్రో. చిన్నప్పుడు నా టీవీ ఇట్లాంటి పొట్టి బల్ల మిందే ఉండేది. నాకని వేరే టీవీ కావల్లని ఏడిస్తే మా నాయన తెచ్చిచ్చినాడు. ఎవరో నేతగాడు ఊరికే ఇచ్చినాడంట.’’

వైర్లు వదిలేసి వాడి వైపు తిరిగాను. ‘‘ఊరికే ఎందుకిచ్చినాడు?’’

‘‘ఏమో. టీవీ ఎప్పుడో చెడిపోయింది. బల్ల ఇంగా ఉండాది, మా అమ్మ దాని మీద తులసి కుండ పెట్టుకునింది. ఆ నేతగాడు నేసిన చీర కూడా మా అమ్మ కాడ ఉండాది. ఉల్లిపొర రంగుది, చిలకపచ్చ అంచు. మా అక్క పెండ్లికి అదే కట్టుకునింది. నారాయణ నేసినట్ల ఇంగెవరూ నేయలేరని ఇప్పటికీ అంటాది.’’

అక్కా, డ్యామేజీ అని చెప్పిన ఆ చీరనే వాళ్లు పెండ్లికి కట్టుకున్నారు.

‘‘ఫోటో ఉండాదా?’’ అన్నాను. వాడు ఫోన్లో వెతికి చూపించాడు. సావుకారు పెళ్లాం పందిట్లో నిలబడి ఉంది, పల్లూ ముందుకు తీసుకుని, నిండుగా కనపడేలా. రంగు అదే. అంచు అదే. దాని పట్టు పోగులు కండెలకు చుట్టింది నువ్వు, అవి నాయనకు అందించింది నేను. నా ఫోన్‌తో దాన్ని ఫోటో తీశాను. వాడికి అర్థం కాలేదు.

మఫ్లరు తీసేశాను. ‘‘నేను నారాయణ కొడుకును. ఆ చీర డ్యామేజీ అని మీ నాయన మా టీవీ ఎత్తుకపోయినాడు, మా నాయనను మగ్గం దింపినాడు. ఇందులో తప్పు యాడుండాదో చూపించు. చూపిస్తే బ్యాటరీ కలుపుతా.’’

 వాడు ఫోటోను పెద్దది చేసి పల్లూ అంతా జరిపి జరిపి చూశాడు. బయట స్నేహితులు ఉత్త చేతులతో తిరిగొచ్చి, ఏమైందని అడుగుతున్నారు. వాడు చెయ్యి ఎత్తి వాళ్లను ఆగమన్నాడు.

‘‘తప్పేం లేదన్నా,’’ అన్నాడు చివరికి. బ్రో పోయి అన్న అయ్యాను. ‘‘నాకు తెల్దు. సారీ.’’

‘‘ఆ మాట నువ్వు నాకు చెప్పేది కాదు. మీ నాయన మా నాయనకు చెప్పల్ల.’’

తర్వాత బండి దగ్గరికి నడిచాను. దుప్పటి తీసి, మంచి బ్యాటరీ మోసుకొచ్చి, మెల్లగా వైర్లు బిగించాను. బొమ్మ వచ్చేసరికి ఆటగాళ్లు ఒకరికొకరు చేతులు కలుపుకుని లోపలికి పోతున్నారు. గెలిచింది ఎవరో వాడు అడగలేదు. నేనూ చూడలేదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది విను. ఫోటో నాయన చేతికి ఇవ్వు. ఏమీ చెప్పొద్దు. ఆయన కళ్లజోడు పెట్టుకుని తప్పు కోసం వెతుకుతాడు. ఎంతసేపైనా వెతకనీ. తెగిన పోగులు వెతకడమే కదా ఇన్నాళ్లూ ఆయన పని, ఆ కంటికి దొరకకపోతే అది లేనట్టే. అప్పుడు చెప్పు, శీనా పంపాడని.

తర్వాత సావుకారు ఇంటికి పో. ఆయన ఒంటరిగా ఉన్న సమయంలో పోవద్దు. నేతగాళ్లంతా నేసిన చీరలు తెచ్చి, ఆయన వసారాలో తెల్లగుడ్డ మీద పరిచి చూపించే పూట పో. ఫోటోను ఆ తెల్లగుడ్డ మీదే పెట్టు. గొంతు పెంచొద్దు, తిట్టొద్దు, బావను గొడవకు పోనీయొద్దు. ‘‘తప్పు యాడుండాదో చూపించు సామీ’’ అని నాయన అడిగిన మాటే అడుగు. అందరూ వంగి చూస్తారు. అందరూ నేతగాళ్లే, ఎవరూ వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఆయన ఏమన్నా అననీ, అనకపోనీ. నువ్వు తులసి కుండను మర్యాదగా కింద దించి, మన బల్ల ఎత్తుకుని వచ్చేయ్. టీవీ అడగొద్దు. టీవీ నేను కొంటాను. వచ్చే నెల హిందూపురం నుంచి మా పాత అంగడి మనిషి తెచ్చి బిగించి పోతాడు.

మర్చిపోయాను, కుదిరితే రాగి పిండి, నువ్వు చేసే కారప్పొడి పంపు. ఇక్కడ ఎవరికీ కారం తెలియదు. చలికి భయపడొద్దు, నేను బాగున్నాను. ఇప్పుడు నిజంగానే బాగున్నాను. పాపకు నా ముద్దులు, బావకు, పెనుకొండ పిన్నమ్మకు నమస్కారాలు. నాయన కాళ్లకు మొక్కానని చెప్పు, ఆయన దీవెన ఉంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు.

టీవీ వచ్చాక గోడకు తగిలించనీయొద్దు. బల్ల మీదే, నేల మట్టానికే పెట్టించు. వీధి వైపు కిటికీ తెరువు. రిమోటు నాయన చేతిలో పెట్టి, సౌండు ఎంత పెట్టుకుంటాడో ఆయన్నే పెట్టుకోమను.

నీ తమ్ముడు,
శీనా