హైదరాబాదు అని రాయండి

లేవగానే అన్నం తినండి. పచ్చిపులుసు మూత కింద ఉంది. తర్వాత దరఖాస్తులో కాలేజీ పేరు దగ్గర హైదరాబాదు అని రాసి, ఈ రోజే పోస్టులో వేయండి. వరంగల్ వద్దు.

నిన్న మీరు, "వరంగలైతే ఐతారం ఐతారం వస్త. కడుపుతోటున్న నిన్ను ఇడిసి గంత దూరం ఎట్ల పోవాలె?" అన్నారు. నేను "మీ ఇష్టం" అన్నాను. నిజానికి ఆ మాట కోసమే ఎదురుచూశాను.

పొద్దున నైట్‌షిఫ్టు నుంచి వచ్చి పడుకున్నాక, నిద్రలో మీ చేతులు గాలిలో ఏదో చక్రాన్ని మెల్లగా తిప్పాయి. "ఇంకింత సన్నగ రావాలె" అన్నారు. ఎవరితో అని అడిగితే, కళ్లు తెరవకుండానే "లేతు మిషినుతోటి, ఇనుము చెక్కుతున్న" అని నవ్వారు. బొగ్గుబాయి పనికి పోయినప్పటి నుంచి మీ ముఖంలో అంత వెలుగు చూడలేదు. చాలాసేపు అట్లాగే చూస్తూ కూర్చున్నాను. నన్ను మాత్రం ఒక్కసారీ పలవరించలేదు.

మీరు కలగన్న ఆ పెద్ద వర్క్‌షాపు హైదరాబాదు కాలేజీలోనే ఉంది. వెళ్లండి. నాకు బడికి ఆలస్యమవుతోంది.

సువార్త

పక్కింటి పోశవ్వ, "రాత్రిపూట నేనొచ్చి నీకు తోడు పంట, ఫికర్ జెయ్యొద్దని మీ ఆయనకు జెప్పు" అంది. పురుడుకు మాత్రం మీరే రావాలి. పరీక్షలున్నా సరే.