ఉప్పుకారం సీసాలో

బావా,

బియ్యం డబ్బా వెనక నువ్వు దాచిన ఉప్పుకారం సీసాలో ఈ చీటీ దొరికిందంటే, నక్షత్రంలా ఉండే ఆ పుల్లటి కమ్రక్ కాయ ఇప్పటికే నీ చేతిలో ఉందన్నమాట. ముందు దాన్ని కింద పెట్టు.

ఒక్క ముక్క మింగి ఉన్నా సరే, ఎక్కిళ్ళు మొదలయ్యేదాకా చూడకు. మా తమ్ముడు దుర్గేష్‌కు ఫోన్ చెయ్యి. ఉప్పల్ నుంచి ఆటో తెచ్చి దవాఖానాకు తీసుకుపోతాడు. కిడ్నీలు పాడైనవాళ్ళకు ఈ కాయ విషమని, ఎక్కిళ్ళతోనే మొదలవుతుందని డాక్టరమ్మ నీ ముందరే చెప్పింది. నువ్వేమో బయటికి రాంగనే "మందు కొట్టని కాయ, నా చేతులతోని నీళ్ళు వోసి పెంచిన చెట్టు, నన్నేం జేస్తది" అంటివి. నీకు డయాలసిస్ నడుస్తోందని చెట్టుకేం ఎరుక?

పొద్దున్నే స్టూలు వేసుకుని పిందెలతో సహా కోసేశాను. నాచారంలో మా కుట్టుపని ఆడవాళ్ళకు పంచుతాను. చెట్టే కొట్టేద్దామని దుర్గేష్ అన్నాడు. నేనే కొట్టనియ్యలేదు. పెయింటు డబ్బాలో మొక్కగా ఉన్నప్పటి నుంచి దాన్ని నువ్వెట్ల చూసుకున్నావో నాకు తెలుసు.

సొరకాయ కూర మూతపెట్టి ఉంది. చప్పగా ఉందని అలగకు. అయిదు నెలలుగా నేనూ అదే తింటున్నాను, నువ్వు చూశావో లేదో.

సూర్యకళ

పైకొమ్మకు ఉన్న ఒక్క కాయ నాకు అందలేదు. నీ చేతిలో ఉన్నది అదే. పారేయకు, కిటికీలో పెట్టు. సాయంత్రం వచ్చేసరికి దాని మీద పంటిగాటు ఉండొద్దు.