నానమ్మ పాడిన జవాబు

శోభక్కా, ఫోన్ల మాట్లాడాలంటే నాకు సిగ్గు. అందుకే మెసేజ్ పెడుతున్న, తప్పులుంటే నవ్వకు.

"నా పాటలు మనోళ్లకే ఎక్కవు, ఆదివారం సూర్యాపేట ప్రోగ్రాంల పాడను, ఇగ బంద్" అన్నవ్ కదా. జర ఇది సదువు.

మిర్యాలగూడ రూంల నువ్వొక్కదానివే ల్యాప్‌టాప్‌ల చేసిన కొత్త పాట ఇయ్యాల మన తండాల స్పీకర్ల పెట్టిన. అండ్ల పెండ్లిపిల్ల అత్తగారింటికి పోంగ ఏడ్సుకుంట పాడేది వచ్చింది. నానమ్మ ఉరికొచ్చింది.

"ఎవలి పిల్లను సాగనంపుతున్నర్రా? నాకెందుకు సెప్పలే?" అని లొల్లి.

పాట అంటే నమ్మలే. మన తండా ఆచారంల పెండ్లిపిల్ల ఏడ్సుకుంట పాడితే పెద్దోళ్లు తిరిగి పాడాలె కదా. స్పీకర్‌నే పిల్ల లెక్క పట్టుకొని జవాబు పాడింది. ఆడోళ్లంత జమై ఏడ్సిర్రు. నీ బీట్ కింద కొడుతనే ఉంది, నానమ్మ ఒక్కసారి గూడ తప్పలే.

"గది మన శోభక్క గొంతే, ఆదివారం సూర్యాపేటల పాడాలె" అని అందరి ముందల గట్టిగ సెప్పిన. నేనే!

"మరి గాడ దానికి జవాబు ఎవలు పాడుతర్రా? నేను పోత" అన్నది నానమ్మ.

ఆదివారం తీస్కొస్తున్న అక్కా. నానమ్మ ముందల కూసుంటది. నేను ఎన్కనే ఉంట గని, పక్కోళ్లందరికి మా అక్క అని సెప్త.