చీటీలో రాయనివి

4 మార్చి 1996, సోమవారం

నా మూత్రపిండాలు దెబ్బతిన్నవి. రక్తంలో క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండాల్సింది, మూడు పాయింట్ రెండు. పదేళ్ళుగా పట్టించుకోని బి.పి. చేసిన పని అని నగరంలోని దవాఖానలో డాక్టరుగారు చెప్పారు. జాగ్రత్త పడకపోతే డయాలిసిస్ తప్పదట. చీటీ రాసిచ్చారు: ఉప్పు, పచ్చళ్ళు, అప్పడాలు బంద్. కారణం అడిగాను. చెప్పింది చేయమన్నారు. లేచి వచ్చాను. నలభై ఒకటవ ఏట రాత్రి కళాశాలలో బి.ఏ. పూర్తి చేసినవాణ్ణి, మరొక్క ప్రశ్న అడగలేకపోయాను.

19 మార్చి

చీటీని అక్షరాలా పాటిస్తున్నాను. కాటేదాన్ ఫ్యాక్టరీ స్టోర్సులో పందొమ్మిదేళ్ళుగా నా పద్ధతి ఇదే. కాగితం మీద లేని మాటకు విలువ లేదు.

పక్కింటి లింగమ్మ శంషాబాద్ బస్టాండు నుంచి కొబ్బరిబొండాలు తెస్తున్నది. "చలువ జేస్తది అన్నా, కిడ్నీలను కడిగినట్టు కడుగుతది" అన్నది. కొబ్బరినీళ్ళు చీటీలో లేవు. రోజుకు రెండు తాగుతున్నాను.

22 ఏప్రిల్

కాళ్ళలో సత్తువ లేదు. ఎండల వల్ల కావచ్చు. మూడో బొండం మొదలుపెట్టాను.

27 ఏప్రిల్, దవాఖాన మంచం మీద

మొన్న స్టోర్సులో నిచ్చెన దగ్గర కూలబడ్డాను. ఐదు దాటకూడని పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిది. గుండె ఆగిపోయేదట. కొబ్బరినీళ్ళలో అది ఎక్కువని, పాడైన కిడ్నీలు దానిని బయటికి పంపలేవని ఇప్పుడు చెప్పారు. చీటీలో రాయలేదన్నాను. అదీ రాయాలా అని డాక్టరుగారు కసిరారు. నా భార్య రెబెక్కా ఆయన ముందే, "నీ చీటీల మన్నుబడ! ఆకలైతే తినమని గూడ రాసియ్యాల్నా నీకు?" అని నా మీద అరిచింది.

తప్పు ఇద్దరిదీ. నాది పెద్దది. అడగకుండా లేచి వచ్చాను.

6 మే

ఫుల్‌స్కేప్ కాగితం తీసుకువెళ్ళాను. మా వంటింటి వస్తువులన్నీ రెబెక్కా చెప్పగా రాసినవి, నలభై మూడు. ఒక్కొక్కదాని ఎదుట టిక్కో ఇంటూనో పెట్టి కారణం చెప్పమన్నాను. డాక్టరుగారు గడియారం చూశారు. నేను కుర్చీ వదలలేదు.

వెనుక వంతు కోసం కూర్చున్న వరుసలో నుంచి బుచ్చయ్య అనే రైతు, "ఓ సారూ, పెండ్లి సామాను రాయించుకుంటున్నవా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు.

బతికే సామాను అన్నాను.

డాక్టరుగారు పెన్ను తీశారు. అరటిపండు వద్దు. సొరకాయ, బీరకాయ సరే. ఆలుగడ్డ ముక్కలు కోసి, ఉడికించి, పొటాషియం పోయేలా నీళ్ళు వార్చాలి. చింతపండు దగ్గర పెన్ను ఎత్తి, ఇష్టమా అని అడిగారు. శంషాబాద్‌లో పుట్టినవాణ్ణి అన్నాను. "కొద్దిగా" అని రాశారు.

బయట బుచ్చయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "నాదీ గదే రోగం సారూ. జర సదివి చెప్పు." ఇది నా రక్తం చూసి రాసినది, మీది మీరే అడగాలి అన్నాను. నలభై మూడు పేర్లూ వేరే కాగితం మీద రాసి, టిక్కులు లేకుండా ఇచ్చాను.

12 మే

ఆలుగడ్డలు వార్చిన నీళ్ళు పారబోస్తూ, "సత్తువంత మోరీల పోస్తున్నం" అని రెబెక్కా కళ్ళు తుడుచుకుంది. కూర బాగుందన్నాను. అబద్ధం.

10 జూన్

పొటాషియం నాలుగు పాయింట్ తొమ్మిది. క్రియాటినిన్ అదే మూడు పాయింట్ రెండు. నా కిడ్నీలు ఇంకా ఎన్నేళ్ళు పనిచేస్తాయని డాక్టరుగారిని అడిగాను. తెలియదన్నారు. ఆ మాట కూడా రాసిమ్మన్నాను.

రాశారు. "తెలియదు." కింద సంతకం, తేదీ.